నదికి రెండవ వంతెన



బీజాపూర్ అనగానే చాలమందికి గోల్ గుంబజ్ జ్ఞాపకం వస్తుంది. అది కర్ణాటకలోని నగరం. 2014 నుండి దాని పేరు విజయపుర. ఈ ప్రసంగానికి సంబంధించిన బీజాపూర్ వేరు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బస్తర్ సీమకు నైరుతి మూలన, అడవుల నడుమ ఉన్న పట్టణమది. 2007లో దంతెవాడ జిల్లా నుండి విడివడి, ఆ పట్టణం పేరనే ఒక జిల్లా ఏర్పడినది. ఆ జిల్లాకు ఒక వైపున తెలంగాణం, మరొక వైపున మహారాష్ట్రం. గోండి, దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు భాషలు అక్కడ ఒకే సంతలో వినిపిస్తవి. ముఖ్యంగా భోపాలపట్నం ప్రాంతంలో తెలుగు పరాయి భాష కాదు, ఇంటి భాష. నది ఈవలి వారికీ ఆవలి వారికీ బంధుత్వాలున్నవి. మిరపకాయలు కోసే కాలం వచ్చినదంటే బస్తర్ పల్లెలనుండి కూలిజనం గుంపులు గుంపులుగా ములుగు, భద్రాద్రి, ఖమ్మం జిల్లాల చేలకు వస్తారు. జబ్బు ముదిరిన రోగిని జగదల్‌పూర్ తీసికొనిపోవుటయా, భద్రాచలమో వరంగల్లో తీసికొనివచ్చుటయా అన్న ప్రశ్న అక్కడి కుటుంబాలకు కొత్తది కాదు.

ఆ ప్రశ్నకు జవాబు చాలవరకు నది చేతిలో ఉంటుంది. ఒడిశాలోని కాలాహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి సుమారు 535 కిలోమీటర్లు ప్రవహించి, బీజాపూర్ జిల్లాలోని భద్రకాళి గ్రామం దగ్గర గోదావరిలో కలుస్తుంది. తెలుగు ప్రాంతాలనుండి బీజాపూర్‌కు పోదలచినవారిలో చాలమంది గోదావరినైనా దాటాలి, లేక గోదావరితోపాటు ఇంద్రావతినీ దాటాలి. కాబట్టి వంతెన అనేది అక్కడ ఇంజనీర్ల విషయం మాత్రమే కాదు.

ఈనాడు దేశమంతటా పాత వంతెన పక్కన కొత్త వంతెన లేస్తున్నది. వీటిని హిందీలో ‘జుడ్వా పుల్’ అంటున్నారు. ఆ మాటను తెలుగులోకి తేవలసివస్తే ‘కవల వంతెనలు’ అనవచ్చును గాని, కవలలనగా ఒకే కాన్పున పుట్టినవారు. ఈ వంతెనలలో ఒకదానికీ మరొకదానికీ తరచుగా అరవై డెబ్బది ఏండ్ల వ్యత్యాసముంటుంది. అందుచేత ‘జంట వంతెనలు’ అనుటయే ఉచితం. జంటలో వయస్సు కాదు, తోడు ముఖ్యం. ఉన్న వంతెన ఉండగా పక్కనే మరొకటి కట్టుట దుబారా కాదా అని అడిగేవారు అన్ని కాలాలలోను ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం వెదకుటకు రాజమహేంద్రవరం గోదావరి గట్టును మించిన స్థలం తెలుగునాట లేదు.

అక్కడ మొదటి రైలు వంతెన పని 1897లో ఆరంభమై, 1900లో పూర్తయినది. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు దానికి పెట్టబడినది. అంతకు ముందు మద్రాసు నుండి కలకత్తా వైపు పోయే ప్రయాణికుడు గోదావరి గట్టున రైలు దిగి, పడవపై నది దాటి, ఆవలి గట్టున మళ్లీ రైలు ఎక్కవలసియుండేది. ఒక్కొక్కటి నూటయేబది అడుగుల పొడవుగల 56 ఉక్కు దూలాల వరుసతో ఆ వంతెన ఆ బాధను తీర్చినది. అయితే అది ఒంటి పట్టాల వంతెన. కొవ్వూరు వైపునుండి ఒక బండి వంతెన ఎక్కినదంటే, అది పూర్తిగా దాటిపోయేవరకు ఇవతలి బండి గోదావరి స్టేషనులో వేచియుండవలసినదే. బండ్లు కొద్దిగా ఉన్న రోజులలో ఇది చెల్లినది. దేశం స్వతంత్రమై, విశాఖ ఓడరేవు పెరిగి, బొగ్గు, ధాన్యం, ఎరువుల బండ్లు పెరిగేసరికి మూడు కిలోమీటర్ల వంతెన ఒకటి మొత్తం తూర్పుతీర రైలుమార్గానికి కంఠంలోని ముల్లయినది.

1974లో రెండవ వంతెన వచ్చినది. కింద రైలు, పైన రోడ్డు. ఈ వంతెనమీద కూడ ఒకే జత పట్టాలున్నవి. దీనిని లోపమని అనుకొనరాదు. పాత వంతెన ఒక దిక్కు బండ్లకు, కొత్త వంతెన మరొక దిక్కు బండ్లకు కేటాయింపబడి, రెండు ఒంటి మార్గాలు కలిసి ఒక జోడు మార్గమైనవి. జంట వంతెనల మర్మమంతా ఇందులోనే ఉన్నది. రెండవది వచ్చుట వలన మొదటిది నిరుపయోగం కాలేదు. మొదటిదాని విలువ రెట్టింపు అయినది. శతాబ్దికి చేరువైన హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసికొన్నప్పుడు, జోడు తెగిపోకుండుటకై మూడవ వంతెన దాని స్థానంలో సిద్ధంగా ఉన్నది. 1991లో మొదలుపెట్టి కాంక్రీటుతో కట్టిన ఆ వంతెనకు 28 విల్లు కమానులు. ఒక్కొక్కటి 97 మీటర్లకు పైచిలుకు. రాజమహేంద్రవరాన్ని చిత్రంలో చూపదలచినవారు నేడు ముందుగా ఆ కమానులనే చూపుతారు. 2015లో నాలుగవదిగా పూర్తి రోడ్డు వంతెన కూడ వచ్చినది. 2023లో రోడ్డు–రైలు వంతెనపై మరమ్మతులకోసం వాహనాలను ఆపివేసినప్పుడు బస్సులూ లారీలూ చుట్టు తిరిగియైనా ఆ నాలుగవ వంతెనమీదుగా నది దాటగలిగినవి. నాలుగవది లేకున్న ఆ మరమ్మతులు చేయుట ఎంత కష్టమయ్యేదో ఊహించవచ్చును. చేయకుండుట ఇంకా కష్టం.

మరమ్మతు అనేది చిన్న మాటగా వినిపిస్తుంది. ఒంటరి వంతెనకు అదే గండం. వంతెన దూలం స్తంభంమీద నేరుగా కూర్చుండదు. మధ్యలో బేరింగు అనే ఆధారముంటుంది. ఎండకు దూలం పెరిగినప్పుడు, చలికి కుంచించుకొనినప్పుడు ఆ కదలికను భరించేది అదే. దాని ఆయువు వంతెన ఆయువుకన్న తక్కువ. దూలాలను జాకీలతో పైకెత్తి బేరింగులు మార్చవలసినప్పుడు వంతెనపై భారం ఉండరాదు. ఒకటే వంతెన ఉన్నచోట ప్రజల ఇబ్బందికి జంకి అధికారులు ఆ పనిని ఈ సంవత్సరం నుండి వచ్చే సంవత్సరానికి నెట్టుతారు. 2015 డిసెంబరులో స్కాట్లండు దేశపు ఫోర్త్ రోడ్డు వంతెనలో ఒక ఉక్కు భాగం పగిలినట్లు కనిపించగా దానిని హఠాత్తుగా మూసివేసినారు. పక్కన కొత్త వంతెన అప్పటికి కట్టుబడిలోనే ఉన్నది. అది తెరువబడినది 2017లో. మన దేశంలో బ్రహ్మపుత్రపై 1962 నాటి సరాయీఘాట్ రోడ్డు–రైలు వంతెనకు అదే 2017లో రోడ్డు వంతెన ఒకటి జంటగా వచ్చినది.

ఇంత చేయుటకన్న మొదటనే ఒక వెడల్పైన వంతెన కట్టరాదా? కట్టవచ్చును. కాని దాని పునాది దెబ్బతిన్న రోజున మొత్తం దారి ఆగిపోతుంది. విడివిడిగా నిలిచిన రెండింటిలో ఒకదానికి కలిగిన హాని రెండవదానికి అంటదు. పైగా యాభై ఏండ్లకు కావలసిన వెడల్పును ముందుగా ఊహించి డబ్బు పోయుట పేదదేశానికి ఎప్పుడూ సాధ్యం కాదు. అవసరం పెరిగినప్పుడు పక్కన మరొకటి కట్టుకొనుట గృహస్థు చేసే పనివంటిదే. ఇల్లు చాలనప్పుడు పక్కన ఇంకొక గది వేసికొంటాడు గాని, ఉన్న ఇంటిని పడగొట్టడు.

ఇందులో ఇంజనీరు జాగ్రత్త పడవలసిన విషయం నీరు. నదిలో ప్రతి స్తంభమూ ప్రవాహానికి అడ్డమే. నీరు స్తంభం చుట్టూ సుడి తిరిగి, అడుగున ఇసుకను కోసివేస్తుంది. కొత్త స్తంభాలు పాత స్తంభాలకు ఎదురెదురుగా ఒకే వరుసలో లేకున్నచో, మొదటి వంతెన దాటి వచ్చిన ప్రవాహం వంకరపోయి రెండవదాని పునాదిని కొడుతుంది. రెండు వంతెనలు మరీ దగ్గరగా ఉంటే కొత్త పునాదికై తవ్వేటప్పుడు పాత పునాది కింది ఇసుక జారే భయమున్నది. మరీ దూరమైతే గట్టుమీది రోడ్డుకు, పొలాలకు నష్టం. ఈ లెక్క తేలిన తరువాతనే శంకుస్థాపన రాయి పాతవలెను.

ఇక బస్తర్ దారిలోకి వద్దాం. భద్రాచలం వద్ద గోదావరిపై వంతెనకు 1959లో పని ప్రారంభమై, 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతులమీదుగా ప్రారంభోత్సవం జరిగినది. అది భక్తులను రామాలయానికి చేర్చే వంతెనగా పేరుపొందినది. కాని విజయవాడ నుండి కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ పోయే జాతీయ రహదారికి ప్రాణం ఆ వంతెనే. యాభై ఏండ్లకు పైగా లారీ, బస్సు, ఎడ్లబండి, పాదచారి అందరూ ఆ ఇరుకు బాటపైనే ఎదురెదురుగా నడిచినారు. దాని పక్కన రెండవ వంతెనకు 2015లో పని మొదలైనది. రాకపోకలకు తెరచుకొనినది 2024లో. మొదటిది ఆరేండ్లలోపే పూర్తయితే, యంత్రాలన్నీ చేతిలో ఉన్న ఈ కాలంలో రెండవదానికి తొమ్మిదేండ్లు పట్టుట సంతోషింపదగిన సంగతి కాదు.

ఈ తొమ్మిదేండ్ల నడుమ 2022 జులైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరినది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఎగురవేస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు మళ్లీ రాలేదు. భద్రత దృష్ట్యా పాత వంతెనపై రాకపోకలు నిలిపివేసినారు. ఆ రోజులలో రెండవ వంతెన పూర్తియై ఉన్నట్లయితే దారి సాగేదా? ఇది నిజాయితీగా అడుగవలసిన ప్రశ్న. సాగియుండేదని గట్టిగా చెప్పలేము. రెండు వంతెనలూ ఒకే వరదను చూస్తవి, ఒకే ఊరి రోడ్డులోకి దిగుతవి. ఆ రోడ్డు మునిగినప్పుడు రెండు వంతెనలూ సమానంగా నిరుపయోగమవుతవి. పక్కపక్కన నిలిచిన జంట వంతెన వయస్సునుండి, బరువునుండి, మరమ్మతునుండి, రద్దీనుండి కాపాడుతుంది. వరదనుండి కాపాడునట్టి జంట మరొక రకముగా ఉండవలెను.

ఆ రెండవ రకం జంట బీజాపూర్ దారిలోనే ఉన్నది. ములుగు జిల్లాలో ఏటూరునాగారం దగ్గర ముల్లకట్ట నుండి ఆవలి గట్టున పూసూరు వరకు గోదావరిపై కట్టిన వంతెన 2016లో తెరువబడినది. హైదరాబాదు నుండి వరంగల్లు మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి దానిమీదుగా నది దాటి, వాజేడు, తార్లగూడ తాకుతూ భోపాలపట్నం చేరుతుంది. అంతకుముందు ఆవలి గట్టు పల్లెలవారు పడవలపై ఆధారపడవలసివచ్చేది. బండిమీద పోవలసినవారు భద్రాచలం చుట్టి రావలసివచ్చేది. మరొక దారి కాళేశ్వరం దగ్గర గోదావరిని దాటి మహారాష్ట్రలోని సిరొంచకు, అక్కడినుండి పాతాగూడెం చేరి, ఇంద్రావతిపై తిమేడ్ వంతెనను దాటి అదే భోపాలపట్నానికి వస్తుంది. సిరొంచ దాటిన తరువాత ఇది నిజామాబాదు–జగదల్‌పూర్ రహదారి. ముల్లకట్ట వంతెనపై నిలిచినవానికి తిమేడ్ వంతెన కనిపించదు. రెండూ రెండు నదులమీద ఉన్నవి. అయినను బీజాపూర్‌వాసికి ఇవే అసలైన జంట. ఒక దారి మూతపడినప్పుడు మరొక దారి తెరచియుండవలెను.

ఉంటున్నదా అన్నది వేరే సంగతి. ముల్లకట్ట వంతెన ఎంత ఎత్తున నిలిచినా, గోదావరి పొంగినప్పుడు ఆ నీరు వాగులలోకి ఎగదన్ని, వాజేడు మండలంలోని టేకులగూడెం వద్ద 163వ రహదారిని ముంచెత్తుతుంది. వరద ముదిరిన సంవత్సరాలలో తెలంగాణ–ఛత్తీస్‌గఢ్ రాకపోకలు అక్కడే తెగిపోతవి. లారీలు రోడ్డు పొడవునా వరుస కడతవి. నదిని గెలిచిన రహదారి వాగు చేతిలో ఓడిపోవుట అక్కడ కళ్లారా చూడవచ్చును. ఆ కొద్ది దూరంలో రోడ్డును ఎత్తు చేయుట, వాగుపై నీటి మట్టానికి మించి వంతెన వేయుట పెద్ద నదిపై ఇంకొక వంతెన వేయుటకన్న తక్కువ ఖర్చు. ప్రారంభోత్సవ శిలాఫలకానికి మాత్రం అది అంత అందంగా అమరదు. అవతలి జత దారి సంగతి కూడ ఇట్టిదే. తిమేడ్ వంతెన ఉన్నది; వానకాలంలో దాని ఉపయోగం సిరొంచ–పాతాగూడెం రోడ్డు బాగోగులపై ఆధారపడియున్నది. వంతెనకు రెండు చివరలుంటవనీ, ఆ చివరల తరువాత కూడ దారి ఉండవలెననీ బడ్జెట్టు వేసేవారు మరువరాదు.

రైలు విషయం చూస్తే బీజాపూర్ జిల్లాలో నేటికీ రైలు పట్టా లేదు. దగ్గరగా ఉన్నది దంతెవాడ జిల్లాలోని కిరండూల్ మార్గం. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుద్వారా జపానుకు పంపుటకై 1960 దశకంలో కొత్తవలస నుండి కిరండూల్ వరకు కొండలు తొలిచి ఆ మార్గాన్ని వేసినారు. తూర్పుకనుమలలో సొరంగాలే యాభై ఎనిమిది. అది ఒంటి పట్టాల మార్గం. 2023 సెప్టెంబరులో కోరాపుట్ ప్రాంతంలో కొండచరియలు విరిగిపడగా జగదల్‌పూర్ వైపు పోయే బండ్లు నిలిచిపోయినవి. విశాఖకు పోదలచిన బస్తర్ విద్యార్థికీ, వ్యాపారికీ మరొక పట్టా లేదు. ఇప్పుడు ఆ మార్గాన్ని భాగాలుగా జోడు మార్గం చేస్తున్నారు. జోడు చేయుట అనగా ప్రతి ఏటిమీదా, ప్రతి లోయమీదా పాత వంతెనకు తోడుగా కొత్త వంతెన నిలబెట్టుట. రాజమహేంద్రవరంలో గొప్పగా జరిగినది అక్కడ చిన్నచిన్నగా, వందలసార్లు జరుగవలసియున్నది. ప్రయాణికులు ఆ వంతెనల పేర్లు తెలిసికొనరు. బండి దారిలో ఎదురు బండి కోసం ఆగకపోవుట మాత్రం గమనిస్తారు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒడిశాలోని మల్కన్‌గిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు కొత్త రైలుమార్గాన్ని ఆమోదించినది. అది సుమారు 173 కిలోమీటర్లు. అది పూర్తయిన నాడు భద్రాచలం ప్రాంతంలో గోదావరికి రోడ్డు వంతెనలతోపాటు రైలు వంతెన కూడ వస్తుంది. గడ్చిరోలి నుండి బీజాపూర్ మీదుగా బచేలి వరకు మరొక మార్గానికి సర్వే మంజూరైనది. సర్వే అంటే రైలు కాదు. మన పల్లెలలో సర్వే గొలుసును చూచి వృద్ధులైనవారు ఎందరో ఉన్నారు. అయినను ఈ దశలోనే చెప్పదగిన మాట ఒకటున్నది. రైలువారు ఒక లెక్క, రహదారివారు మరొక లెక్క వేసికొని, ఒకే నదిని రెండు చోట్ల రెండు విధాల అడ్డగించక ముందే, ఇంద్రావతిపై ఏ రేవున ఏది దాటవలెనో కలిసి నిర్ణయించుట మంచిది. రాజమహేంద్రవరంలో ఒకే వంతెన కింద రైలునూ పైన బస్సునూ మోసిన అనుభవం దేశంలో ఉన్నది. దాని లాభమేమో, ఒకదాని మరమ్మతు మరొకదానికి తెచ్చే ఇబ్బంది ఏమో కూడ తెలిసియే ఉన్నది.

జంట వంతెనల గురించి ఇంత చెప్పిన తరువాత, మొదటి వంతెనయే లేని రేవుల మాట చెప్పకుంటే ఈ ప్రసంగం అన్యాయమవుతుంది. భైరంగఢ్ దాటి లోనికి పోతే ఇంద్రావతి ఆవలి గట్టున అబూజ్‌మాడ్ వైపు పల్లెలున్నవి. అక్కడి జనానికి చెట్టుమాను తొలిచిన చిన్న దోనెలే నావలు. సంతకు ఇప్పపువ్వు మోసికొనివచ్చే స్త్రీ, ఆశ్రమ పాఠశాలకు పోయే పిల్లవాడు, ప్రసవవేదన పడుతున్న తల్లి ఆ దోనెలోనే నది దాటవలెను. సాయుధ సంఘర్షణ వలన దశాబ్దాలపాటు అక్కడ రోడ్డు పని చేయుటయే ప్రాణాంతకమైనది. వంతెన మాట అటుంచి, కంకర మోసే లారీ కూడ పోని కాలమది. ఇటీవలి సంవత్సరాలలో ఫుండ్రీవంటి చోట్ల ఇంద్రావతిపై వంతెన నిర్మాణం చేపట్టబడినది. అక్కడ ఎవరికీ రెండవ వంతెన సంగతి తట్టదు. ఒకటి చాలు.

అట్టి పల్లెలకు చౌకధరల దుకాణపు బియ్యం నాలుగు నెలలకు సరిపడా వానలకు ముందే చేరుస్తారు. జ్యేష్ఠమాసంలో ఒకేసారి వచ్చిన ఆ బస్తాలను మట్టి ఇంటిలో ఎత్తున అటుక వేసి, చెదలు పట్టకుండా, ఎలుకలు కొట్టకుండా, వానచెమ్మ తగలకుండా దసరావరకు కాపాడుకొనవలెను. వంతెన తెరచుకొనిన గట్టున అదే బియ్యం నెలనెలా వస్తుంది.